హార్డ్ అంటే తెలుగుల ఏమంటరు, హార్డ్ వాటర్ అంటే ఫ్లోరైడ్ నీళ్లేనా?

తమ్మీ, నువ్వడిగింది ఒక్క ప్రశ్న లెక్కనే కనపడుతుంది గని అండ్ల రెండున్నయి. మర్రిగూడ దిక్కు ఊరు, బిడ్డ ఎనిమిదో తరగతి ఇంగ్లీష్ మీడియం, ఇంగ్లీష్ పుస్తకంల హార్డ్ వర్క్ అనొచ్చింది, సైన్స్ పుస్తకంల హార్డ్ వాటర్ అనొచ్చింది, అదే వారంల మీ బోరు నీళ్ల రిపోర్ట్ గూడ వచ్చింది, అండ్ల టోటల్ హార్డ్‌నెస్ 480, ఫ్లోరైడ్ 2.1 అనుంది. ఫోన్ల డిక్షనరీ కొడితే హార్డ్ అంటే "కఠినమైన" అని చూపిచ్చింది, బిడ్డేమో కఠినమైన నీళ్లంటే ఏంది నాన్నా అని అడిగితే నీకు చెప్పొస్తలేదు, పైగా టౌన్ల షాపాయన నీళ్లకు సాఫ్ట్‌నర్ అనే మిషన్ పెట్టిచ్చుకో హార్డ్ పోతది ఫ్లోరైడ్ గూడ పోతది అన్నడు. ఇదే గదా. నేను సర్కారు హైస్కూళ్లల్ల ఇంగ్లీష్ చెప్పి రిటైరైన, కల్వకుర్తి దిక్కు కొన్నేండ్లు, తర్వాత దేవరకొండ దిక్కు ఎక్కువేండ్లు, నీళ్ల సంగతి సైన్స్ సార్ల పక్కన కూసోని, ఆ దిక్కు ఊర్లు చూసీ ఎరుకైంది. కొంచెం పొడుగే రాస్త, ఓపికతోని చదువు.

ముందుగాల చిన్న జవాబు. సాఫ్ట్‌నర్ పెడితే హార్డ్‌నెస్ పోతది, ఫ్లోరైడ్ పోదు. షాపాయన తెల్వక అన్నడో అమ్ముకుందామని అన్నడో మనకెందుకు, పైసలు మాత్రం ఇప్పుడే కట్టకు. ఇగ హార్డ్ అనే మాటకు తెలుగుల ఇదీ అని ఒక్క మాట లేదు, దాని పక్కన ఏ మాట కూసున్నదో చూసి చెప్పాలె. డిక్షనరీ తప్పేం చెప్పలే, కాకపోతే ఉన్న అర్థాలల్ల మనం నోటితోని అన్నిటికంటె తక్కువ అనేదాన్ని తీసి ముందల పెట్టింది. "కఠినం" అని మీ ఇంట్ల ఎవలన్న అంగ విన్నవా? పేపర్ల ఉంటది, "కఠిన చర్యలు తీసుకుంటం" అని పోలీసోళ్లు అంటరు, కోర్టు తీర్పుల "కఠిన కారాగార శిక్ష" అనుంటది, అంటే లోపలేసి పని గూడ చేపిచ్చే శిక్ష. అక్కడ ఆ మాట మంచిగనే కూసుంటది. రొట్టె దగ్గర, పరీక్ష దగ్గర కూసోదు.

హార్డ్ మొదటి అర్థం చేతితోని ఒత్తితే లోపలికి పోనిది అని. దీనికి మన మాట గట్టి. గచ్చు గట్టిగుంది, జామకాయ ఇంకా గట్టిగనే ఉంది పండలే, మాంసం ఉడకలే గట్టిగుంది. తినేటిదానికి గట్టి ఒక్కటే గాదు బిర్సు అని గూడ అంటం, పొద్దుగాల చేసిన జొన్నరొట్టె మాపటికి బిర్సయితది, ఇంగ్లీషోడు దాన్ని గూడ హార్డే అంటడు. బండల గురించి మనకు ఇంకొకలు చెప్పాల్నా, నల్లగొండ పాలమూరు కింద పరుచుకున్నది ఎక్కువమటుకు గ్రానైటే, బోర్ల రిపోర్టులల్ల "హార్డ్ రాక్ ఏరియా" అని రాస్తరు, తెలుగు చేసేటోళ్లు దాన్ని "కఠిన శిల" అంటరు, మనం బండ తాకింది అని ఊకుంటం, బండ అన్నంక గట్టిది అని మళ్ల చెప్పే అవసరం లేదు గదా. సైన్సుల ఈ గట్టితనానికి కొలత ఉన్నది, మోస్ అనే జర్మన్ ఆయన 1812ల పెట్టిండు, టాల్క్ అనే మెత్తటి ఖనిజం 1, వజ్రం 10, మన గ్రానైట్ల ఉండే క్వార్ట్జ్ 7. ఏది దేన్ని గీకితే గీత పడుతదో చూసుడే, ఇంకేం లేదు. ఆడ మాత్రం బిడ్డ "కాఠిన్యం" అని రాస్తే మార్కులొస్తయి, రాయనియ్.

రెండోది కష్టం. హార్డ్ పేపర్, హార్డ్ క్వశ్చన్, వీటికి గట్టి పనికిరాదు. మనోళ్లు "పేపర్ కష్టం ఇచ్చిండ్రు" అంటరు, లేకపోతే సీదా "టఫ్ ఇచ్చిండ్రు" అంటరు. డిఫికల్ట్‌కు హార్డ్‌కు ఫరక్ ఏంది సార్ అని పిల్లలు ఎప్పటికీ అడుగుతుంటరు, ఈ అర్థంల పెద్ద ఫరక్ లేదు, హార్డ్ ఇంట్ల మాట్లాడే మాట, డిఫికల్ట్ కొంచెం బడి మాట, అంతే. కని అసలు పిల్లలు ఆగమయ్యేది వేరేకాడ. "ఇట్ ఈజ్ హార్డ్ టు సే" అనొస్తే "ఇది చెప్పడానికి కఠినంగా ఉన్నది" అని రాస్తరు. తెలుగు మనిషి ఎవడన్న అట్లంటడా? "చెప్పుడు కష్టం" అంటడు, ఇంకా సాఫ్‌గ అయితే "చెప్పలేం" అంటడు. అంటే ఇంగ్లీషుల విడిగ నిలబడ్డ విశేషణం మన దగ్గర క్రియలకు దూరి "లేం" అయి కూసున్నది. "హార్డ్ టు బిలీవ్" అంటే నమ్మబుద్ధి అయితలేదు, "హార్డ్ టు ఫైండ్" అంటే దొరుకుడు కష్టం, "ఆమెను మెప్పిచ్చుడు ఎవ్వని తరం గాదు" అంటం సూడు, అది "హార్డ్ టు ప్లీజ్". ఈ వాక్యాలల్ల హార్డ్ అనే మాటకు జోడీ వెతుక్కుంట కూసుంటే పొద్దు పోతది గని తెలుగు రాదు, వాక్యం మొత్తం చదివి పక్కకు పెట్టి, ఇదే సంగతి మీ అమ్మ అయితే ఎట్లంటదో అట్ల అనమని చెప్పు బిడ్డకు.

హార్డ్ వర్క్ దగ్గర కొంచెం ఆగుత, ఎందుకంటే గైడ్లల్ల "కఠిన శ్రమ" అని ఉంటది, పిల్లలు అదే బట్టీ కొడతరు, మనకేమో అంతకంటె మంచి మాట నోట్లనే ఉన్నది. ఉత్తగ "కష్టం". మన దిక్కు కష్టం అంటే బాధ ఒక్కటే గాదు, చేసే పని గూడ కష్టమే, పనిచేస్తే వచ్చిన పైసలు గూడ కష్టమే. "కష్టం చేసుకోని బతుకుతున్నం" అంటే ఏడ్సుకుంట బతుకుతున్నం అని గాదు, ఒళ్లొంచి పని చేసుకుంటున్నం ఎవని ముందర చెయ్యి చాపుతలేం అని, అండ్ల బాధకంటె పౌరుషమే ఎక్కువ. "నా కష్టం తిన్నడు" అంటే నా కూలి ఎగ్గొట్టిండు అని. కల్వకుర్తి దిక్కు పనిచేసినప్పుడు హాజరు తీసుకుంటుంటే ఫలానా పోరడు ఏడి అంటే "కష్టం చేసుకునేటందుకు అమ్మనాయినలు బొంబాయి పోయిండ్రు సార్, వాన్ని గూడ తోల్కపోయిండ్రు" అని పక్క పోరడు చెప్పేది. పాలమూరు లేబర్ అంటే దేశంల ఏడ డ్యాం కట్టినా కాలువ తవ్వినా పేరున్న మాట. ఆ "కష్టం" అనే మాటను "డిఫికల్టీ" అని ఇంగ్లీష్ చేస్తే మొత్తం పాడయితది, అది "లేబర్", అది "హార్డ్ వర్క్". అందుకే "హార్డ్ వర్కింగ్" అంటే కష్టజీవి, "హార్డ్ ఎర్న్‌డ్ మనీ" అంటే కష్టార్జితం, ఇంకా ఇంట్ల మాట అయితే చెమటోడ్చి సంపాదిచ్చిన పైసలు. అదే "హార్డ్ లైఫ్" అన్నప్పుడు మాత్రం కష్టంల ఉన్న బాధ అనే అర్థం బయటికొస్తది, "హార్డ్ టైమ్స్" అంటే గడ్డు రోజులు. మల్ల సూడు, ఒకటే మాట, పక్కమాట మారంగనే మనిషి మారినట్టు మారుతది.

మనిషి గురించి అన్నప్పుడు ఇంకా జాగర్త గుండాలె. "గట్టి మనిషి" అంటే మన దగ్గర మెచ్చుకోలు, అనుకున్నది చేసేటోడు, బెదిరియ్యనోడు. "హార్డ్ మ్యాన్" అంటే ఇంగ్లీషుల ఎక్కువసార్లు మెచ్చుకోలు గాదు, కనికరం లేనోడు, రాతి గుండె అని. మీ సర్పంచ్ మంచిగ పనిచేస్తడని రాయబోయి "అవర్ సర్పంచ్ ఈజ్ ఎ హార్డ్ మ్యాన్" అని రాస్తే ఆయన చదివి సంతోషపడడు. "స్ట్రాంగ్" అనో "కేపబుల్" అనో రాయాలె. "డోంట్ బి హార్డ్ ఆన్ హిమ్" అంటే పోరన్ని మరీ అంత గట్టిగ అనకు, పోనియ్ అని. మనోళ్లు "ఆయన శాన హార్డ్‌గ మాట్లాడిండు" అంటరు గదా, అక్కడ వాళ్ల మనసుల ఉన్నది "హార్ష్", దానికి మనకు దురుసు అని మంచి మాటుంది.

మిగిలినయి గబగబ చెప్పేస్త. హార్డ్ క్యాష్ అంటే రొక్కం, ఈ మాట మర్చిపోతున్నరు గని ఎంత మంచి మాట, చేతిలకొచ్చిన పైసలు. హార్డ్ ఎవిడెన్స్ గట్టి సాక్ష్యం, హార్డ్ బార్గెయిన్ గట్టి బేరం, ఈ రెండిట్ల మన గట్టి అచ్చం అతుకుతది. హార్డ్ ఆఫ్ హియరింగ్ అంటే చెవులు మందం, పూర్తి చెవుడు గాదు. హార్డ్ అప్ అంటే చేతిల పైసల్లేవు. లెర్న్ ది హార్డ్ వే అంటే దెబ్బ తిని నేర్చుకునుడు. నో హార్డ్ ఫీలింగ్స్ అంటే మనసుల పెట్టుకోకు. హార్డ్ నట్ టు క్రాక్ అంటే కొరకరాని కొయ్య. ప్లే హార్డ్ టు గెట్ అంటే బెట్టు చేసుడు, పెండ్లి సంబంధాలప్పుడు మగపెండ్లోళ్లు చేస్తరు సూడు అది. హార్డ్ అండ్ ఫాస్ట్ రూల్ అంటే అటుఇటు కదలని రూలు, దీంట్ల ఫాస్ట్ అంటే జోరుగ అని గాదు, బిగించిన అని. హార్డ్ కాపీ, హార్డ్ డిస్క్, హార్డ్‌వేర్ షాపు, వీటిని తెలుగు చేసే పని పెట్టుకోకు, ఎవలకు అర్థం గాదు.

ఇప్పుడు ఉల్టా దారి, తెలుగు నుంచి ఇంగ్లీషుకు పోయేది. గట్టి అనంగనే హార్డ్ అని పెడతరు పిల్లలు, పరీక్షల ఎక్కువ మార్కులు పోయేది ఈడనే. గట్టి పెరుగు "హార్డ్ కర్డ్" గాదు, "థిక్ కర్డ్". గట్టి తాడు "స్ట్రాంగ్ రోప్". గట్టిగ పట్టుకో "హోల్డ్ టైట్". గట్టి నమ్మకం "ఫర్మ్ బిలీఫ్". గట్టిగ మాట్లాడు "స్పీక్ లౌడ్లీ". ఇగ "గట్టిగ చదువు" అంటే రెండు తీర్ల పోతది, నోరు తెరిచి చదువు అని ఒకటి, మంచిగ మనసు పెట్టి చదువు అని ఒకటి, క్లాసుల సారంటే మొదటిది, పరీక్షల ముందర నాయిన అంటే రెండోది. రెండోదాన్నే "స్టడీ హార్డ్" అంటరు, మొదటిది "రీడ్ అలౌడ్". వాన గట్టిగ కొట్టింది మాత్రం "ఇట్ రెయిన్డ్ హార్డ్" అని రాయొచ్చు, అక్కడ రెండు భాషలు ఎట్లనో కలిసినయి.

ఆ "రెయిన్డ్ హార్డ్"ల హార్డ్ విశేషణం గాదు, క్రియా విశేషణం. అందుకే పిల్లలకు అనుమానమొస్తది, స్లో కు స్లోలీ, క్విక్ కు క్విక్లీ అయినప్పుడు హార్డ్ కు హార్డ్లీ గావాలె గదా అని. గాదు. హార్డ్ కు హార్డే. హార్డ్లీ అంటే ఉత్తదే, దాదాపు లేదు అని. "హి వర్క్స్ హార్డ్" అంటే కష్టపడి పనిచేస్తడు. "హి హార్డ్లీ వర్క్స్" అంటే పని చేసుడు అంతంత మాత్రమే, చేసినా చేయనట్టే. ఒక్క తోక తగిలితే కష్టజీవి కాస్త పనిదొంగ అయితడు. ఇంకోటి, హార్డ్లీల లేదు అనే అర్థం ముందే ఉన్నది కాబట్టి దాని పక్కన నాట్ పెట్టొద్దు, "ఐ కెన్ హార్డ్లీ సీ" అంటే సరిగ కనపడ్తలేదు అని, అయిపాయె. ఫ్లెక్సీలల్ల కూడా చూస్తుంట, హార్టీ వెల్‌కమ్ అనాల్సింది హార్ట్‌లీ వెల్‌కమ్ అని కొట్టిస్తరు, అట్ల రాసేటోళ్లు ఎప్పుడో ఒకరోజు హార్డ్లీ వెల్‌కమ్ అని కొట్టిస్తరేమో అని నాకు భయం, అప్పుడు మంత్రిగారికి "నువ్వొస్తే మాకేం పెద్ద సంతోషం లేదు" అని స్వాగతం చెప్పినట్టయితది.

చేతితోని ఒత్తి చూడలేని వాటిని గూడ హార్డ్ అంటరు, నీళ్ల కాడికి పోయేముందు ఇది అర్థం కావాలె. శబ్దం సూడు. ఇంగ్లీషుల క్యాట్ అన్నప్పుడు సి హార్డ్, సిటీ అన్నప్పుడు సి సాఫ్ట్. గోట్ల జి హార్డ్, జిరాఫ్ల జి సాఫ్ట్. ఇదేదో ఇంగ్లీషోళ్ల పిచ్చి అనుకోకు, మన వ్యాకరణంల గూడ క చ ట త ప లను పరుషాలు అన్నరు, గ జ డ ద బ లను సరళాలు అన్నరు, బిడ్డ తెలుగు పుస్తకంల సరళాదేశ సంధి వస్తది చూడు, పరుషం పోయి సరళం వచ్చుడు అంటే ఒక తీరుగ హార్డ్ పోయి సాఫ్ట్ వచ్చుడే. ఇంగ్లీష్ హార్డ్ సాఫ్ట్‌లు, మన పరుష సరళాలు లెక్కకు ఒకటి గావు, వాళ్ల సాఫ్ట్ సి అంటే స శబ్దం, మన సరళం అంటే క పోయి గ అవుడు. కని రెండు దిక్కులా గట్టి మెత్తన అనే ఆలోచనే. శబ్దం చేతికి తాకదు, అయినా అది నోట్ల ఎట్ల పలుకుతదో చూసి పేరు పెట్టిండ్రు.

నీళ్లది గూడ అంతే. హార్డ్ వాటర్ల చెయ్యి పెడితే గట్టిగ తగలదు, మామూలు నీళ్ల లెక్కనే ఉంటది. ఆ నీళ్లు సబ్బుతోని ఎట్ల మెలుగుతయో దాన్ని బట్టి చెప్తరు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఎక్కువుంటే సబ్బు నురుగు రాదు, సబ్బు పోయి ఆ కాల్షియంకు అతుక్కోని తెల్లగ తరకలు తరకలు తేలుతది, బకెట్ అంచుకు జిడ్డు పట్టుకుంటది. బిందెల అడుగుకు, హీటర్ రాడ్‌కు తెల్లటి పొర కడతది. కందిపప్పు ఎంతసేపు పెట్టినా మెత్తబడదు. పుస్తకంల దీన్ని కఠిన జలం అంటరు, సాఫ్ట్ వాటర్‌ను మృదు జలం అంటరు, పరీక్షల బిడ్డ అదే రాయాలె, కని అర్థం చెప్పేటప్పుడు "సబ్బు నురుగు రాని నీళ్లు, పప్పు ఉడకని నీళ్లు" అని చెప్పు, ఒక్కసారికే ఎక్కుతది. ఉప్పు నీళ్లు అని గూడ చెప్పకు, ఉప్పగుండుడు వేరే సంగతి, ఉప్పగ లేని నీళ్లు గూడ హార్డ్ ఉండొచ్చు.

అండ్ల గూడ రెండు రకాలు. కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్ రూపంల ఉంటే అది తాత్కాలిక కఠినత్వం, నీళ్లు మసలబెడితే పోతది, ఆ పోయిందే గిన్నె అడుగున తెల్లపొర. సల్ఫేట్, క్లోరైడ్ రూపంల ఉంటే శాశ్వత కఠినత్వం, మసలబెట్టినా పోదు, బట్టల సోడా వేస్తే పోతది. శాశ్వత అన్నరని ఎన్నటికీ పోదు అనుకోవద్దు, మసలబెడితే పోదు అని మాత్రమే దాని అర్థం, ఈ పేరు పెట్టినోళ్లు కొంచెం ఆలోచిస్తే బాగుండు. ఇది ఎనిమిది తొమ్మిదిల పిల్లలు తప్పకుండా తప్పు రాసే జాగ.

ఇగ నీ రిపోర్ట్. తాగునీళ్లకు మన దేశంల బీఐఎస్ అని ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ లెక్కలున్నయి, ఐఎస్ 10500 అంటరు, 2012ల సవరించిండ్రు. అండ్ల హార్డ్‌నెస్ లీటరుకు 200 మిల్లీగ్రాములు దాక ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకనికాడ 600 దాక సర్దుకోవచ్చు. నీది 480, నడిమిట్ల ఉన్నది. హార్డ్‌నెస్ వల్ల పెద్ద రోగమేదో వస్తదని గాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ గూడ హార్డ్‌నెస్‌కు ఆరోగ్యం పేరు మీద హద్దు పెట్టలే. సబ్బులు ఎక్కువ ఒడుస్తయి, గీజర్ తొందరగ ఖరాబయితది, గ్యాస్ ఎక్కువ కాలుతది, అంతే. 480 చూసి నువ్వు బుగులు పడ్డవు, దాని కింద లైనుల 2.1 అని చిన్నగ ఉన్నదాన్ని అంతగా పట్టించుకోలే. అసలు చూడాల్సింది అది.

ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాక ఉండొచ్చు, వేరే దారి లేనికాడ 1.5, అది దాటొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క గూడ 1.5 నే. నీది దాటింది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు దిక్కు మనిషికి ఫ్లోరైడ్ అంటే ఏందో నేను చెప్పే పనిలేదు, గార పండ్లు, వంగని కాళ్లు, ఒంగిన నడుములు మీ ఊర్లల్ల చూసే పెరిగినవ్. ఆ గ్రానైట్ బండలల్ల ఉండే కొన్ని ఖనిజాలల్లకెళ్లి ఫ్లోరైడ్ నీళ్లల్లకు దిగుతది. కని నేను ఆ దిక్కు ఊర్లల్ల ఎప్పటికీ వినేది ఏందంటే, "మాది హార్డ్ వాటర్ సార్, ఫ్లోరైడ్" అని రెండూ కలిపి ఒకటే ముక్కగ అంటరు. హార్డ్ అంటే చెడ్డది, ఫ్లోరైడ్ చెడ్డది, కాబట్టి రెండూ ఒకటే అనుకుంటరు. ఒకే ఇంట్ల కిరాయికున్న రెండు కుటుంబాల లెక్క అనుకో, వాకిలి ఒకటే గని పొయ్యిలు వేరే, ఒకలు ఖాళీ చేసిపోయినంత మాత్రాన రెండో వాళ్లు పోరు.

ఇంకో సంగతి చెప్త, ఇది చాలామంది నమ్మరు. నీళ్లల్ల కాల్షియం ఎక్కువుంటే అది ఫ్లోరైడ్‌తోని కలిసి కరగని పదార్థమై అడుగుకు దిగే వీలుంటది, కాబట్టి కాల్షియం తక్కువున్న నీళ్లల్ల, అంటే సబ్బు మంచిగ నురుగొచ్చే సాఫ్ట్ నీళ్లల్లనే ఒక్కోసారి ఫ్లోరైడ్ ఎక్కువుంటది. అన్ని బోర్లల్ల ఇట్లనే ఉంటదని గాదు, నీ బోర్ల రెండూ ఉన్నయి చూస్తనే ఉన్నవ్. కని "మా నీళ్లు సాఫ్ట్, పప్పు మంచిగ ఉడుకుతది, మాకు ఫ్లోరైడ్ లేదు" అని ఎవలన్న అంటే ఆ మాట నమ్మొద్దు. ఫ్లోరైడ్‌కు ఈ హద్దులల్ల రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు, నురుగు చూసి చెప్పలేం, ల్యాబుల చూపియ్యాల్సిందే.

సాఫ్ట్‌నర్ చేసేదేందంటే, అండ్ల రెజిన్ అని గింజలుంటయి, అవి నీళ్లల్ల ఉన్న కాల్షియం, మెగ్నీషియంను పట్టుకోని వాటి బదులు సోడియం ఇడుస్తయి, ఆ గింజలు నిండిపోతే ఉప్పు నీళ్లతోని కడిగి మళ్ల వాడతరు. అవి ధన ఆవేశం ఉన్నవాటినే పట్టుకుంటయి. ఫ్లోరైడ్ రుణ ఆవేశం ఉన్నది, దాని జోలికి పోవు, అది సీదా మీ గ్లాసుల పడుతది. మసలబెట్టుకుంటం సార్ అంటరు ఇంకొందరు, మసలబెడితే నీళ్లు ఆవిరై తగ్గుతయి, ఫ్లోరైడ్ అంతే ఉంటది, అంటే మిగిలిన నీళ్లల్ల ఇంకింత చిక్కబడుతది. ఆర్వో ఫిల్టర్ మాత్రం హార్డ్‌నెస్, ఫ్లోరైడ్ రెండిటినీ చాలామటుకు తీస్తది.

మన జిల్లా పేరుమీదనే ఒక పద్ధతి ఉన్నది, నల్లగొండ టెక్నిక్ అంటరు, నాగ్‌పూర్ల ఉండే నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లల్ల తయారుచేసింది. నీళ్లల్ల పటిక, కొంచెం సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపితే తునకలు కట్టి అడుగుకు దిగుతయి, ఫ్లోరైడ్ వాటితోని దిగుతది, పైన తేట నీళ్లు వాడుకోవాలె. ఈడ సూడు, ఫ్లోరైడ్ తీసేటందుకు సున్నం వేస్తున్నరు, సున్నంల ఉండేది కాల్షియమే. హార్డ్‌నెస్, ఫ్లోరైడ్ ఒకటే అయితే ఇట్ల చేస్తరా? షాపాయన మళ్ల వాదిస్తే ఈ ఒక్కటి అడుగు. ఇంట్ల నువ్వు పటిక తోని ప్రయోగాలు మాత్రం చేయకు, ఎంత పడాల్నో నీళ్లు పరీక్ష చేసి లెక్కగట్టాలె, ఎక్కువైతే పటికల ఉన్న అల్యూమినియం నీళ్లల్లనే ఉండిపోతది.

నా సలహా అడిగితే, బోరు నీళ్లు బట్టలకు, గిన్నెలకు, పశువుల కొట్టం కడుగుడుకు వాడు. తాగుడుకు, వండుడుకు మాత్రం మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టు. చౌటుప్పల్ల 2015ల పైలాన్ వేసిన పథకం అది, నదుల నీళ్లు శుద్ధి చేసి పంపేది, అండ్ల బోరు బండల ఫ్లోరైడ్ ఉండదు. రుచి నచ్చుతలేదని కొందరు మళ్ల బోరుకే పోతున్నరు, రుచి అలవాటైతది. వండుడుకు గూడ అని ఎందుకన్ననంటే, తాగేవి మంచివి తెచ్చుకొని అన్నం పప్పు చాయ బోరు నీళ్లతోని చేసేటోళ్లు మస్తుమంది, ఉడికినంక ఫ్లోరైడ్ ఏడికి పోతది, అన్నంలనే ఉంటది. ముఖ్యంగ ఇంట్ల బిడ్డకంటె చిన్నపిల్లలు ఉంటే, పాలపండ్లు పోయినంక వచ్చే పక్కా పండ్లు వాళ్లకు లోపల తయారయ్యే ఏండ్లు ఇవి, గార పట్టేది అప్పుడే. సాఫ్ట్‌నర్ పెట్టాల్నా వద్దా అంటే, గీజర్, వాషింగ్ మెషిన్ కోసం కావాల్నంటే పెట్టుకో, 480 కి అది పనికొస్తది, ఫ్లోరైడ్ కోసమైతే దండగ.

బిడ్డకు నోట్స్‌ల ఏం రాయాల్నో గూడ అడిగినవ్ గదా. ఇంగ్లీష్ నోట్స్‌ల హార్డ్ అని రాసి ఎదురుంగ కఠినం అని ఒక్కటే రాయనియ్యకు, జంటగ రాయమను, హార్డ్ స్టోన్ గట్టి రాయి, హార్డ్ పేపర్ కష్టమైన పేపరు, హార్డ్ వర్క్ కష్టం, హార్డ్ హార్ట్ రాతి గుండె, హార్డ్ వాటర్ కఠిన జలం అంటే నురుగు రాని నీళ్లు. వ్యతిరేక పదాలు గూడ అదే లైన్ల వేయమను, స్టోన్ అయితే సాఫ్ట్, పేపర్ అయితే ఈజీ, మనిషి అయితే కైండ్, పరీక్షల ఆపోజిట్ అడిగితే వాక్యం చూడకుండ సాఫ్ట్ అని కొట్టేస్తరు.

ఇంకోటి, నువ్వు పెట్టిన రిపోర్ట్ ఫోటోల కింది సగం కోసుకపోయింది, నైట్రేట్ లైను కనపడ్తలేదు. ఎరువులేసే చేండ్ల పక్కన బోరు, ఇంటి దగ్గర సెప్టిక్ ట్యాంకు ఉంటే అది గూడ ఎక్కువొస్తుంటది, లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటొద్దు, బాటిల్ పాలు కలిపి పట్టే పసిపిల్లలు ఇంట్ల ఉంటే మరీ ముఖ్యం, అది గూడ మసలబెడితే పోదు, సాఫ్ట్‌నర్‌కు పోదు. ఆ లైను ఫోటో మళ్ల పెట్టు, చూసి చెప్త.